కోడికి వేసిన ఆరికలు

సేరు మీద సేరు పడుతుంటే విశ్వాసమ్మకు నమ్మబుద్ధి కాలేదు. పెద్ద ఈరన్న చెయ్యి అంత ధారాళమైంది కాదు. కూలి గింజలు కొలిచేటప్పుడు బొటనవేలు సేరు లోపలికి పెట్టి కొలిచే మనిషి ఆయన. ఆ వేలు పట్టేంత జాగా కూడా ఆయనకు లాభమే. అట్లాంటివాడు ఈ సాయంత్రం వేలు బయటికి తీసి, సేరు మీద గుట్ట నిలబడేట్టు పోసి, "కొంగు సరిగ్గా పట్టుకోవే, కారిపోతాండాయి" అని కసురుతున్నాడు.

విశ్వాసమ్మ కొంగులోకి చూసుకుంది. ఆరికలు. అవీ కొత్తవి.

ఆరిక కోతకైనా నూర్పిడికైనా ఏటా ఆయన ఇచ్చే కూలి జొన్నలే. పాతరలోంచి తీసినవి, పుల్లవాసన కొట్టేవి. అయినా జొన్నలు జొన్నలే, రొట్టె చేసుకోవచ్చు, సంకటి కెలుక్కోవచ్చు, తిని భయం లేకుండా పడుకోవచ్చు. పక్కన నిలబడ్డ గిడ్డమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"జొన్నలు లేవా అప్పా?"

"పాతర తెరిచేకి నేల ఆరల్ల గదా! ఇంత ముసురు పట్టె. లోపలికి తేమ దిగితే పాతరంతా పాడైపోతాది, నీ మొగుడొచ్చి కట్టిస్తాడా?" అన్నాడు పెద్ద ఈరన్న. "అందుకే కదా మిగులు కొలుస్తాండా. ఇంగేం కావల్ల మీకు?"

ఇంకేం కావాలో చెప్పే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. కుప్ప వేసిన ఆరిక మీదనే ఆ ముసురంతా కురిసింది. కుప్ప విప్పినప్పుడు లోపలి పనల్లోంచి ఆవిరి లేచింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆడవాళ్ళు పనలు లాగి ఎద్దుల కాళ్ళ కింద పరిచారు. అవన్నీ చూసినవాళ్ళే. చూసినవాళ్ళే కొంగులు ముడివేసుకుని పేట దారి పట్టారు.

కొత్త ఆరిక తడిసిందంటే దాంట్లో మత్తు పుడుతుంది. అన్నిట్లోనూ పుట్టదు, ఏ గింజలో పుట్టిందో కంటికి తెలియదు. అది తిన్నవాడికి తల తిరుగుతుంది, నాలుక మందమవుతుంది, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి తనవి కాకుండా పోతాయి. అదే గింజను ఏడాదిపాటు దాచి తింటే ఏమీ కాదంటారు. దాచుకోగలిగిన ఇళ్ళు దాచుకుంటాయి. దాచుకోలేని ఇళ్ళు కోడికి చూపిస్తాయి. గుప్పెడు గింజలు కోడి ముందు చల్లి, అది తూలితే ఆ గింజలు పక్కన పెడతారు. తూలకపోతే రోట్లో పోస్తారు.

విశ్వాసమ్మ ఇంటికి చేరేసరికి పొద్దు గూకింది. అత్త జీవమ్మ పొయ్యి ముందు కూర్చుని పుల్లలు విరుస్తోంది. ఆ ఇంట్లో పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ తినలేదు. విశ్వాసమ్మ మూల గంప కింద మూయాల్సిన కోడిపెట్టను ఆపి, దాని ముందు గుప్పెడు ఆరికలు చల్లింది. కోడి పొడిచింది. మెడ ఎత్తి చూసింది. మళ్ళీ నాలుగు గింజలు పొడిచి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"కోడి ఏమంటాంది?" అని అడిగింది జీవమ్మ.

"బాగుండాది అత్తా. తూగల్యా, పడల్యా."

"అయితే దంచు. వాడు వచ్చే యాళ అయింది."

ఆరిక దంచడం మామూలు పని కాదు. పొర మీద పొర ఉంటుంది. దంచి, చెరిగి, మళ్ళీ దంచి, మళ్ళీ చెరిగి, చెయ్యి పడిపోతుంది. విశ్వాసమ్మ దంచుతూనే ఉంది. మొగుడు గాబ్రియేలు వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చర్చి గంట తాడు పురికొస అయిపోయిందనీ, రేప్పొద్దున్నే ఓర్వకల్లు పోయి కొత్త తాడు తెమ్మని ఉపదేశిగారు చెప్పారనీ, ఆదివారం కోతల పండగకు కర్నూలు నుంచి అయ్యగారు వస్తున్నారనీ, సంస్కారం బల్ల ఉంటుందనీ, అయ్యగారే రొట్టె పంచుతారనీ చెప్పాడు. ఆ పేటలో గంట కొట్టేది గాబ్రియేలే. వాళ్ళ నాయన కాలం నుంచి ఆ తాడు వాళ్ళ చేతిలోనే ఉంది. ఆ ఇంటికి ఉన్న మర్యాద అదొక్కటే.

బువ్వ, నంజుకోను ఊరిమిండి పచ్చడి. గాబ్రియేలు ఒకసారి తిని, పొద్దున్నే నడవాలని సద్దికి కొంత నీళ్ళలో వేయించుకుని పడుకున్నాడు. ఆడవాళ్ళిద్దరికీ కుండలో అడుగు మిగిలింది. అది తిని పడుకున్నారు.

తెల్లవారి గంప ఎత్తిన విశ్వాసమ్మ ఎత్తిన చేతిని దించలేదు. కోడి రాత్రి కూర్చున్నట్టే కూర్చుని ఉంది. మెడ పక్కకు వాలిపోయింది. కాలితో కదిపితే లేచింది, రెక్కలు రెండువైపులా ఆనించుకుని రెండడుగులు వేసి, ఒక పక్కకు ఒరిగిపోయింది.

అప్పుడు తెలిసింది ఆమెకు తను చేసిన పని. పొద్దుగూకినాక ఏ కోడైనా కూర్చుంటుంది. మత్తు తిన్నా కూర్చుంటుంది, తినకపోయినా కూర్చుంటుంది. చూపించేది పొద్దున చూపించాలి. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. ఆకలి మీద మరిచింది.

"అత్తా, ఆయన సద్ది తిన్నాడా?"

జీవమ్మ వాకిట్లో వంగి కక్కుకుంటోంది. సద్దికుండ బోర్లించి ఉంది, కడిగి మరీ. విశ్వాసమ్మ దారిలోకి పరుగెత్తింది. రాళ్ళగుట్టల నడుమ బండిబాట ఖాళీగా ఉంది. ఆమెకూ తల దిమ్ముగా ఉంది, కింద నేల మెత్తగా తోచింది. గట్టిమనిషి, తట్టుకుంటాడులే అనుకుంటూ వెనక్కి వచ్చి అత్త నుదుటికి తడిగుడ్డ వేసింది. అట్లా అనుకోవడం తప్ప చేసేదేముంది?

మధ్యాహ్నం ఊళ్ళో గోపన్న ఎద్దులబండి పేటలోకి వచ్చింది. బండిలో గాబ్రియేలు వెల్లకిలా పడి ఉన్నాడు. కొత్త తాడు చుట్ట చంకలోంచి జారకుండా గట్టిగా అదిమి పట్టుకున్నాడు. బండి వెంట సైకిలు నడిపించుకుంటూ ఉపదేశి సుందరం, ఆయన పక్కన సంఘపెద్ద ప్రేమయ్య.

సుందరానిది నంద్యాల దగ్గర కాలవకింది ఊరు. వరి తిని పెరిగినవాడు. ఈ పేటకు వచ్చి ఇంకా పాతబడలేదు. మంచివాడే. జ్వరమొస్తే మందు తెచ్చి ఇస్తాడు, పిల్లలకు అక్షరాలు దిద్దిస్తాడు. తాగుడంటే మాత్రం ఒళ్ళు మంట. సర్కారు సారా, కల్లు బందు పెట్టిందని సంతోషించినవాళ్ళలో మొదటివాడు.

"ఎక్కడ దొరికాడో తెలుసా?" అన్నాడు విశ్వాసమ్మతో. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది. "ఈతవనంలో. చెట్టు మొదట్లో పడి ఉన్నాడు. లేపితే నిలబడలేకపోయాడు. పోలీసులు చూసి ఉంటే ఏమయ్యేది?"

"ఆయన తాగడయ్యా."

"నేను కళ్ళారా చూశానమ్మా. గాబ్రియేలూ, నోరు తెరిచి నువ్వే చెప్పు. తాగావా, లేదా?"

గాబ్రియేలు నోరు తెరిచాడు. నాలుక తిరగలేదు. పెదవులు కదిలాయి, చొల్లు కారింది, మాట రాలేదు. చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు.

విశ్వాసమ్మ 'ఆరికలు' అనబోయింది. ప్రేమయ్య ఆమె వైపు చూశాడు. చూసి, తల ఇటూ అటూ ఊపాడు, కనీ కనపడనట్టు. ప్రేమయ్య ఇల్లు ఆ పక్కదే. తలుపు ఓరగా ఉంది. లోపల ఆయన భార్య గిడ్డమ్మ చాప మీద పడుకుని ఉంది, నుదుట తడిగుడ్డ. విశ్వాసమ్మకు అది కనబడింది. ఆమె చూసిందని ప్రేమయ్యకు తెలిసింది. ఆమె నోరు మూసుకుంది.

"ఆదివారం బల్లకు రానివ్వడానికి లేదు," అన్నాడు సుందరం. "గంట కూడా ముట్టొద్దు. ప్రేమయ్యా, అప్పటిదాకా నువ్వు కొట్టు." సుందరం గాబ్రియేలు చంకలోంచి తాడు లాగబోయాడు. రాలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకోవాల్సి వచ్చింది.

సాయంత్రానికి గాబ్రియేలు లేచి కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తున్నాడు.

"నావి కానట్టుండాయి మే," అన్నాడు. "గిల్లుకున్నా తెలీడంల్యా."

"తప్పు నాది. కోడికి పొద్దుగూకినాక చూపించినా."

"ఊఁ."

"పోయి ఉపదేశిగారికి చెప్తా. మత్తారికలు తిన్నాడు, తాగల్యా అని చెప్తా."

"చెప్పి?"

"చెప్తే ఏమయితాది? నీ పేరు నిలబడతాది."

 గాబ్రియేలు గొంతు లేపకుండానే చెప్పాడు. "ఈరప్ప ఆ ఆరికలన్నీ దస్తగిరి సాయిబుకు అమ్ముతాండాడు. మాట అయిపోయింది, బండి రావడమే తరువాయి. మత్తారికలు అనే మాట మన పేటలో పుట్టిందని తెలిస్తే మనల్ని కల్లంలో అడుగు పెట్టనిస్తాడా? జొన్న కోతలు యాడుండాయి, మనమేడుండాం? ఇప్పుడు వెలి నాకొక్కనికే. నువ్వు నోరు తెరిస్తే పేటంతటికీ."

"అందరికోసరం నువ్వు తాగుబోతువైతావా?"

"అయినా గదా ఇప్పటికే," అన్నాడు గాబ్రియేలు, పడుకుంటూ.

ఏడుపు వస్తుందేమో అనుకుంది విశ్వాసమ్మ. రాలేదు. మొగుడి మీద కోపమన్నా వస్తే బాగుండుననిపించింది. అదీ రాలేదు. లోపలంతా మొద్దుబారినట్టు ఉంది. అది ఆరికల వల్లనో, మనసు వల్లనో ఆమెకు తెలియలేదు.

మర్నాడు కల్లం పని లేదు. విశ్వాసమ్మ పెద్ద ఈరన్న ఇంటి వెనక దొడ్డి వాకిట్లో నిలబడింది. ఈరన్న భార్య మహాదేవమ్మ కవ్వం తిప్పుతోంది. ఆ దొడ్లోకి అడుగు పెట్టే హక్కు లేదు గనుక విశ్వాసమ్మ గోడ ఇవతలే ఆగింది. కొట్టంలో ఎద్దులు జొన్నచొప్ప నములుతున్నాయి. కల్లంలోంచి తెచ్చిన ఆరిక గడ్డి మాత్రం గోడ బయట ఒక మూల పారేసినట్టు పడి ఉంది.

"ఏమే ఇస్వాసీ, ఇంత పొద్దున్నే?"

"పసులకు ఆరికగడ్డి వెయ్యల్యా అమ్మా?"

కవ్వం ఒక్క క్షణం ఆగింది. "వద్దన్నాడు మీ అప్ప. ఎండనీ అని."

"మా ఇంటాయన పడిపోయినాడమ్మా. తాగినాడని బల్లకు రానీడంల్యా ఉపదేశిగారు. నువ్వొక్క మాట చెప్పమ్మా. కొత్తారికలు కూలికిచ్చినాం, అయ్యి పడల్యా అని. తప్పు నీది అని నేననను. నేనే కోడికి సరిగ్గా చూపించల్యా."

"ఏం మాటలే అవి!" మహాదేవమ్మ గొంతు లేచింది, అంతలోనే తగ్గింది. వాకిలి వైపు చూసింది. "మా ఆరికలు మత్తువి అంటావా? నలుగురూ వింటే? సాయిబు వింటే? ఈ ఏడు పంటే అది, వానకు పోంగా మిగిలింది అది. నోట్లో మన్ను కొట్టొద్దు తల్లీ."

"మీ ఇంట్లో తింటాండారా అమ్మా, కొత్తవి?"

"మా ఇంట్లో ఏడాది కాంది ఆరికలు పొయ్యెక్కవు," అంది మహాదేవమ్మ. అన్నాక ఆ మాట తనకే వినబడింది. తల దించుకుంది.

ఆమె లేచి లోపలికి పోయి, ఒక మట్టి ముంత నిండా మజ్జిగ తెచ్చి గోడ మీద పెట్టి, తను వెనక్కి జరిగింది. మత్తుకు మజ్జిగ తాపుతారు. అది ఆ సీమలో అందరికీ తెలుసు.

"తీసకపోయి తాపు. మీ అత్తకూ తాపు. నేనిచ్చినానని ఎవరికీ చెప్పొద్దు."

విశ్వాసమ్మ ముంత తీసుకుంది. దండం పెట్టాలా వద్దా తెలియక అట్లాగే నిలబడి, అట్లాగే వచ్చేసింది.

ఆదివారం గంట ప్రేమయ్య కొట్టాడు. చేతకాని మోత. రెండు దెబ్బలు పక్కపక్కనే పడి, మూడోది ఎప్పటికో పడింది. కర్నూలు అయ్యగారు కోతల కీర్తన పాడించారు. బల్ల ముందు జొన్నకంకులు, కొర్రలు, గుమ్మడికాయలు పేర్చి ఉన్నాయి. పేటలో ప్రతి ఆడదీ పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఒక గుప్పెడు దేవుడి కుండలో వేస్తుంది. ఆ గుప్పెళ్ళన్నీ ఒక గంపలో పోసి పెట్టారు. గంపలో పైనంతా ఆరికలే కనబడుతున్నాయి. వాటి మీద బంతిపువ్వు పెట్టారెవరో.

గాబ్రియేలు తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. బల్లకు మగవాళ్ళను పిలిచినప్పుడు ప్రేమయ్య లేచాడు, మిగతావాళ్ళు లేచారు. గాబ్రియేలు లేవలేదు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అందరికీ తెలుసు. ఆ ముందు మోకరించినవాళ్ళలో ఆ వారం తూలనివాడు లేడు, వాళ్ళు ఇళ్ళల్లో తూలారు గనుక తప్పించుకున్నారు. తెలియనిది సుందరానికీ, అయ్యగారికీ.

ఆడవాళ్ళ వరుస వచ్చింది. విశ్వాసమ్మ పోయింది. మోకరించి చెయ్యి చాచింది. అరచేతిలో రొట్టెముక్క పడిన సంగతి చూస్తే గాని తెలియలేదు. ఇప్పుడు చెప్పాలి, ఇదే సమయం, అనుకుంది. పక్కన గిడ్డమ్మ భుజం తన భుజానికి తగులుతోంది. గిడ్డమ్మ ఊపిరి బిగపట్టుకుని ఉంది, ఈమె ఏం చెప్తుందో అని. విశ్వాసమ్మ రొట్టె నోట్లో పెట్టుకుని లేచి వచ్చేసింది. మొగుడి ముందు నుంచే వచ్చి కూర్చుంది. ఆ రోజంతా తనను తాను తిట్టుకుంది.

ఇంట్లో ఉన్నవి అవే ఆరికలు. వేరే గింజ లేదు. ఎండలో బాగా కాగితే కొంత విరుగుతుందేమోనని జీవమ్మ అంది. విరుగుతుందని ఆమెకూ నమ్మకం లేదు. అయినా ఏదో ఒకటి చెయ్యాలి గదా అని, ఆ వారంలో ఎండ గట్టిగా కాసిన రోజు విశ్వాసమ్మ గంప నెత్తిన పెట్టుకుని పేట ముందరి బండ మీదికి పోయింది. బండ పక్కనుంచే కల్లానికి పోయే బాట. ఊడ్చి, ఆరికలు పల్చగా పోసి, కాళ్ళతో గీతలు గీసి కలబెట్టింది. చంకలో కోడిపెట్ట ఉంది. ప్రేమయ్య ఇంటి పెట్ట అది, తన కోడి ఇంకా తేరుకోలేదు. దాని కాలికి నులక కట్టి, రెండో కొస రాయికి కట్టి, ముందు గుప్పెడు చల్లింది. ఈసారి పొద్దున్నే. ఎదురుగా కూర్చుని చూడడం మొదలుపెట్టింది.

కాసేపటికి గిడ్డమ్మ తన గంప తెచ్చి పక్కన పోసింది.  ఇంకొకామె వచ్చింది. జీవమ్మ కట్టె పట్టుకుని వచ్చి కాకులను తోలుతూ కూర్చుంది. బండంతా ఆరికలు పరుచుకున్నాయి. ఆడవాళ్ళందరూ కోడి చుట్టూ కూర్చున్నారు. 

బాటలో గంటల చప్పుడయింది. దస్తగిరి సాయిబు బండి. వెనక ఖాళీ గోతాలు మడిచి పెట్టి ఉన్నాయి. బండి బాటంతా ఆక్రమించడంతో దాని వెనక వస్తున్న సుందరం సైకిలు దిగి నిలబడ్డాడు.

సాయిబు బండి ఆపించాడు. దిగి, బండ దగ్గరికి వచ్చి, చిటికెడు గింజలు తీసుకుని వాసన చూశాడు. ఒకటి పంటి కింద పెట్టి ఉమ్మేశాడు. కోడిని చూశాడు.

"ఎవరివమ్మా ఈ గింజలు?"

ఆడవాళ్ళు తలలు వంచి గింజలు కలబెట్టారు.

"కొన్నవా, కూలివా?"

"మాకు కొనేకి యాడుండాదప్పా? కూలివే," అంది జీవమ్మ, కాకిని తోలుతూ. ముసలిదానికి అందులో దాచాల్సింది కనబడలేదు.

సాయిబు కల్లం వైపు చూశాడు. ఆ చుట్టుపక్కల అంత ఆరిక పండించినవాడు ఒక్కడే. గడ్డం నిమురుకుని బండివాడితో, "తిప్పురా," అన్నాడు.

"ఏం సాయిబుగారూ, వచ్చిన దారినే పోతున్నారు?" అని అడిగాడు సుందరం.

"అరె, చూస్తలేరా? మత్తారికలు." సాయిబు బండి ఎక్కుతూ అన్నాడు. "ఇవి నేను కొని నలుగురికి అమ్మితే నా దుకాణం బందు. తిన్న మనిషి తాగినోడి కంటే అన్యాయంగా పడిపోతాడు, నోట్లో మాట ఉండదు. మీకు తెలీదా? మీ వాళ్ళే గదా తినేది."

బండి తిరిగింది. సుందరం అక్కడే నిలబడిపోయాడు. బండ మీద కోడి లేచింది. నులక సాగేంత దూరం రెండడుగులు వేసింది, పక్కకు ఒరిగింది. రెక్క ఆనించి లేచింది, మళ్ళీ ఒరిగింది. ముక్కు తెరిచింది, కూత రాలేదు.  ఈతవనంలో చెట్టు మొదట్లో ఇదంతా సుందరం ఒకసారి చూశాడు.

"విశ్వాసమ్మా," అన్నాడు చివరికి. "నాతో చెప్పొచ్చు కదమ్మా."

విశ్వాసమ్మ కోడి మీదినుంచి చూపు తిప్పలేదు. "తాగినాడా అని అడిగినారు అయ్యా. ఏం తిన్నాడని అడగల్యా."

అనేశాక ఆమెకే భయం వేసింది. సుందరం సైకిలు తోసుకుంటూ నేరుగా గాబ్రియేలు ఇంటికి పోయాడు. ఆయన గాబ్రియేలు చేతులు పట్టుకున్నాడనీ, అయ్యగారికి తనే చెప్పుకుంటానన్నాడనీ, వచ్చే ఆదివారం గంట నువ్వే కొట్టాలన్నాడనీ తర్వాత తెలిసింది. గాబ్రియేలు అడిగింది మాత్రం ఒక్కటేనట. "సాయిబు బండి నిజంగా తిరిగిపోయిందా అయ్యా?"

పేటలో ఆ రాత్రి కొంచెం సంతోషంగానే ఉండింది. మత్తారికలనే మాట పేటవాళ్ళెవరూ అనలేదు, ఎవరి నోటా ఈరన్న పేరు రాలేదు. అయినా గాబ్రియేలుకు మర్యాద తిరిగి వచ్చింది. గిడ్డమ్మ వచ్చి విశ్వాసమ్మ పక్కన కూర్చుని, ఊరికే ఆమె చెయ్యి పట్టుకుని, వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రం కల్లంలో కూలి కొలిచే వేళ పెద్ద ఈరన్న అరుస్తాడనుకున్నారు. రావద్దంటాడేమో అని కూడా అనుకున్నారు. ఆయన అరవలేదు. కుప్ప ముందు గొంతుకూర్చుని సేరు చేతిలోకి తీసుకున్నాడు.

"సాయిబు పోతే పోయినాడు," అన్నాడు. "ఆయప్ప కొనకపోతే ఇంగెవరూ కొనరు. నేనేం చేసుకోవల్ల ఈ గింజలు? పసులకు కూడా పెట్టలేను. జొన్నలు అమ్ముకుంటా, పంట పోయింది గదా, నేనూ బతకల్ల. కాబట్టి ఇనండి. జొన్న కోతల దాంక కూలి ఇవే. ఇష్టమున్నోళ్ళు రాండి, ల్యానోళ్ళు మానుకోండి."

ఎవరూ కదల్లేదు. మానుకునేవాళ్ళు ఎవరున్నారక్కడ? కుప్పంతా, సాయిబు గోతాల్లోకి పోవాల్సిన కుప్పంతా, వాళ్ళ ముందు ఉంది. అది ఇక వాళ్ళదే. గాబ్రియేలు పేరు నిలబడడంతోనే ఆ గింజ ఎక్కడికీ పోకుండా వాళ్ళ కొంగుల్లోకే వచ్చి చేరింది. విశ్వాసమ్మకు ఇది అర్థమయ్యేసరికి తన వంతు వచ్చింది. కొంగు పట్టింది. పెద్ద ఈరన్న కొలిచాడు. బొటనవేలు మళ్ళీ సేరు లోపలికి వచ్చేసింది.

ఆదివారం తెల్లవారుజామునే గాబ్రియేలు ఉతికిన పంచె కట్టుకుని పోయాడు. వేళ్ళకు ఇంకా పట్టు రాలేదు. తాడు అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని లాగుతానన్నాడు. మొదటి గంట మోగింది. నిదానంగా, ఒక్కొక్క దెబ్బకూ నడుమ సరిగ్గా జాగా వదిలి, వాళ్ళ నాయన కొట్టినట్టే. పేటలో ఇళ్ళ ముందర మనుషులు ఆగి విన్నారు. జీవమ్మ తెల్లచీర కట్టుకుని కళ్ళు తుడుచుకుంది.

విశ్వాసమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఇప్పటికి తేరుకున్న తన కోడిపెట్ట కాలికి నులక కట్టి గుంజకు కట్టేసింది. నిన్న తెచ్చిన ఆరికలు గుప్పెడు దాని ముందు ఉన్నాయి. కోడి పొడుస్తోంది. లోపల పొయ్యి ఇంకా ముట్టించలేదు. దేవుడి కుండలో వెయ్యాల్సిన గుప్పెడు కూడా ఇంకా వెయ్యలేదు.

"రావే, రెండో గంట కొట్టినాడు," అంది జీవమ్మ. "వాడు కొడతాంటే నువ్వు లేకుంటే ఎట్ల?"

"మీరు పోండి అత్తా. ఇది ఇంగా తేల్చల్యా."

జీవమ్మ కోడి వైపు చూసింది. కట్టె ఊనుకుంటూ చర్చి వైపు నడిచింది. మూడో గంట కూడా మోగింది. కోడి నిలబడే ఉంది. ఇంకాసేపు చూద్దామని విశ్వాసమ్మ అక్కడే కూర్చుంది.